కన్యాశుల్కమున స్త్రీల పరస్పరసాహాయ్యము

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును గూర్చి వ్రాయువారు తఱచుగా గిరీశముతో నారంభించి గిరీశముతో ముగింతురు. అందలి స్త్రీలు ఒండొరులకు ఏమగుదురు? ఒకతె యాపదలో నున్నప్పుడు వేఱొకతె యేమి చేయును? ఈ ప్రశ్నములను విచారించుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

ఈ నాటకము 1892లో విజయనగరమున ప్రదర్శితమై, 1897లో ముద్రితమయ్యెను. 1909లో కవి దానిని మిక్కిలి పెంచి మఱల ప్రకటించెను. నేడు మనము చదువునది ఆ రెండవకూర్పు. తొలికూర్పు పీఠికయందు విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో జరిగిన బ్రాహ్మణ శుల్కవివాహముల లెక్క గలదు. అవి 1034. వధువులలో అయిదేండ్లవారు 99 మంది; ఏడాది శిశువులు ముగ్గురు. మన టెక్కలి ప్రాంతము నాడు గంజాము మండలములోని దగుటచే ఆ లెక్కలో చేరినది కాదు. అయినను అందలి స్త్రీల పలుకుబడి ఉద్దానపు చదువరికి పరాయిది గాదు. వీరు గ్రంథభాషలో మాటలాడియుండినచో వీరి బాధ మన చెవిని ఇంత సూటిగా సోకియుండదు. వాడుకభాష నాటకమున కెక్కుటచే ఇంటిలోని స్త్రీకి రంగమున గొంతు లభించినది.

ఆ గొంతును వినువా రెవరు? అగ్నిహోత్రావధానులు చిన్నకూతురగు సుబ్బిని ముదుసలి లుబ్ధావధానులకు అమ్మజూపినప్పుడు, తల్లి వెంకమ్మ వలదని మొఱపెట్టుకొన్నది. పెద్దకూతురు బుచ్చమ్మను ఇట్లే యిచ్చి, ఆమె వితంతువై యింట నుండుట కన్నులార చూచిన తల్లి యామె. భర్త వినడయ్యెను, ఆమె నూతిలో దూకెను. మాటకు విలువ లేని యింట ఆమెకు మిగిలిన వాదము ప్రాణత్యాగ మొక్కటే. సుబ్బి యభిప్రాయ మడుగవలెనన్న తలంపు తండ్రికి కలలోనైనను రాలేదు.

ఇక బుచ్చమ్మను జూడుడు. ఆమె గిరీశముతో వెడలిపోవుట కేవలము మోహమువలన నని చెప్పుట తొందరపాటు. తాను లేచిపోయినచో చెల్లెలి పెండ్లి యాగిపోవునన్న యాస ఆమె నిర్ణయమున బలముగా నున్నది. ఈ మర్మమును గిరీశము కనిపెట్టెను. ఆ సోదరీస్నేహమునే ఎరగా వేసెను. స్త్రీకి స్త్రీపైగల కనికరమును గూడ పురుషుడు తన పనికి సాధనముగా జేసికొనుట ఈ నాటకమందలి మిక్కిలి క్రూరమైన ఘట్టమని నా తలంపు. మనము నవ్వుచు దానిని దాటిపోవుదుము.

మధురవాణి కథ వేఱు. ఆమె వేశ్య. వెంకమ్మతో గాని బుచ్చమ్మతో గాని ఆమెకు పరిచయము లేదు. రంగమున వారు ఎదురుపడుటయు లేదు. అయినను కరటకశాస్త్రి తన చెల్లెలి దుఃఖము తెలుపగా, ఆడువేషము వేసిన శిష్యుని లుబ్ధావధానులకు పెండ్లికూతురుగా కట్టబెట్టు పన్నాగమునకు ఆమె తోడ్పడెను. తన కంటెను సైతము పణముగా నొడ్డెను. తుదకు పురుషవేషమున సౌజన్యారావు పంతులింటికి బోయి, నిజము వెల్లడించి, హత్యాభియోగమునుండి లుబ్ధావధానులను తప్పించెను. గిరీశముయొక్క పూర్వచరిత్రమును బయటపెట్టి, బుచ్చమ్మ అతని చేతిలో పడకుండ జేసెను. ముద్దు కోరి, ఆయన యొప్పుకొన్న పిమ్మట తానే మానుకొనెను. కరటకశాస్త్రికి మేనకోడలి పాశ మున్నది. సౌజన్యారావునకు సంస్కారవ్రత మున్నది. ఈమె కిట్టి బంధ మేదియు లేదు.

దీనినిబట్టి ఈ నాటకమున స్త్రీల ఐకమత్యము సంపూర్ణముగా నున్నదని చెప్పవచ్చునా? చెప్పరాదు. సాహాయ్య మున్నది, సమాగమము లేదు. వెంకమ్మ కన్నీరు మధురవాణికి కరటకశాస్త్రి నోటనే తెలిసినది. మధురవాణి చేసిన మేలు వెంకమ్మ యెఱుగదు. అగ్రహారపు గృహిణికిని వేశ్యకును నడుమ పురుషులు కట్టిన గోడ నాటకాంతమువఱకు కూలలేదు. ఆ గోడకు సౌజన్యారావు కూడ ఒక యిటుక. వితంతువులయెడ కరుణగల యాయన వేశ్య యెదుట నిలుచుటకే వెఱచును. కొందఱు స్త్రీలను రక్షించుటకై మఱికొందఱిని వెలివేయు ఆ సంస్కారమును, ఉపకారము పొందిన చేతితోనే ఉపకారిణిని దూరముగా నుంచు ఆ నీతిని కవి మధురవాణి చేతనే పరీక్షింపజేసెను. ఆ పరీక్షలో సౌజన్యారావు పూర్తిగా నెగ్గలేదు.

స్త్రీలను కలుపక విడుచుట కవి లోపమని కొందఱనవచ్చును. నే నట్లు తలపను. కలిపియుండినచో అది కోరిక యయ్యెడిది. కలుపకుండుటచే సత్య మయ్యెను. ఒకరినొకరు పురుషుల ద్వారముననే యెఱుగవలసిన సంఘమున స్త్రీల స్నేహము ఇట్లు చీకటిలో చేయి చాచుటగనే యుండును.

కన్యాశుల్కము నేడు లేదుగదా, ఈ చర్చ యేల యందురేమో. 1929 నాటి శారదాశాసనము బాల్యవివాహమును నిషేధించినది. శుల్కము పోయి కట్నము ప్రబలగా 1961లో దానిని నిషేధించు చట్టము వచ్చినది. అయినను కట్నము పోలేదు. రొక్కము సాగు దిక్కు మాఱినది, బేరమాడువారు మాఱలేదు. పిల్ల యిష్టమేమని యడుగక లెక్కలు తేల్చుకొను పెద్దలున్నంతకాలము సుబ్బి కథ ముగిసినది గాదు. వెంకమ్మ మాట ఇంటిలోనే వినబడియుండినచో మధురవాణి మాఱువేషము వేయవలసిన పనియే లేకపోయెడిది. ఈ నాటకమును ప్రదర్శించువారు గిరీశమునకిచ్చు సమయములో కొంత వెంకమ్మకును ఇత్తురుగాక.