శాస్త్రవ్యాసంలో ‘మేము’ ఎవరు?

వస్తువు గురించీ శిల్పం గురించీ ఇన్ని దశాబ్దాలుగా వాదించుకుంటున్న మనం శాస్త్రవ్యాసాన్ని ఒక రచనగా చదివింది తక్కువ. అందులో ఉన్నది సత్యం కాబట్టి దానికి శిల్పంతో పనిలేదనుకున్నాం. మనచేత అలా అనిపించడమే దాని శిల్పం. జమీందారీ నవలల్లో విస్తళ్ళలోకి అన్నం వస్తుంది గాని వండిన మనిషి కనపడదు. శాస్త్రవ్యాసంలో కూడా ‘కొలవబడింది’, ‘గమనించబడింది’ అన్న వాక్యాల వెనక కొలిచిన చేతులు మాయమవుతాయి.

రోగనిరోధక శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన పీటర్ మెడవార్ 1963లో, శాస్త్రవ్యాసం ఒక మోసమా అని రేడియోలో సూటిగానే అడిగాడు. ఫలితాలు దొంగవని ఆయన అనలేదు. ఆలోచన నిజంగా నడిచిన తీరును వ్యాసం తలకిందులు చేసి చూపుతుందన్నాడు. తలకిందులయ్యేది ఆలోచన ఒక్కటేనా, ఎవరి శ్రమ ఎవరిదన్న లెక్క కూడానా అన్నది మనం అడగవలసిన ప్రశ్న.

1953 ఏప్రిల్ 25 నాటి ‘నేచర్’ పత్రికను తీసుకోండి. డి.ఎన్.ఎ. నిర్మాణాన్ని ప్రతిపాదించిన వాట్సన్, క్రిక్‌ల వ్యాసం పేజీకి కాస్త ఎక్కువ. దాని వెనకే లండన్ కింగ్స్ కాలేజీ నుంచి మరి రెండు వ్యాసాలున్నాయి. ఒకటి విల్కిన్స్ బృందానిది, చివరిది రోజలిండ్ ఫ్రాంక్లిన్, రేమండ్ గాస్లింగ్‌లది. ఈ వరుస కూడా ఒక శిల్పమే. ముందు సిద్ధాంతం, తర్వాత దానికి సాక్ష్యం. ఆ సాక్ష్యం లేకపోతే సిద్ధాంతమే నిలిచేది కాదన్న సంగతి ఈ అమరికలో కనిపించదు.

వాట్సన్, క్రిక్‌ల వ్యాసంలో కర్త ఉన్నాడు. ‘మేము’ అనే రాశారు. ఆ ‘మేము’ ఎవరెవరు? ఫ్రాంక్లిన్ బృందం కొలతలున్న ఒక పరిశోధనామండలి నివేదిక 1953 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జిలో వాళ్ళ చేతికి వచ్చింది. అలా వచ్చినట్టు ఆమెకు తెలియదు. వ్యాసం మాత్రం, తర్వాతి వ్యాసాల్లోని ఫలితాల వివరాలు తమకు తెలియవంటుంది. చివర కృతజ్ఞతల్లో, అచ్చుకాని ఆ పనిని గురించి స్థూలంగా తెలియడం తమకు ప్రేరణ అయిందంటుంది. రుణాన్ని ప్రేరణగా మార్చిన వాక్యమది. వ్యాసంలోని జంట మెలిక బొమ్మ గీసిన ఓడిల్ క్రిక్ పేరు ఎక్కడా లేదు.

సంపాదకులు దీన్ని బయటి నిపుణుల పరిశీలనకు పంపకుండానే అచ్చువేశారు. అలాంటి పరిశీలన ‘నేచర్’లో తప్పనిసరి అయింది 1973లో. పంపి ఉంటే? నిర్మాణం సరైనదేనని ఏ పరిశీలకుడైనా చెప్పగలిగేవాడేమో గాని, కొలతలు ఏ దారిన వచ్చాయని అడగడం ఆ పరిశీలకుడి పనిగా ఈనాటికీ ఎంతమంది భావిస్తున్నారు?

ఇక 1968లో వాట్సన్ ‘ది డబుల్ హెలిక్స్’ రాశాడు. క్రిక్, విల్కిన్స్ అభ్యంతరాలతో హార్వర్డ్ ప్రచురణ సంస్థ వెనక్కి తగ్గితే మరొకరు వేశారు. వ్యాసం దాచింది పుస్తకం చెప్పింది. ఫ్రాంక్లిన్‌కు తెలియకుండా విల్కిన్స్ చూపిన ఎక్స్‌రే ఛాయాచిత్రం సంగతీ, నివేదిక సంగతీ అందులో ఉన్నాయి. ఆ మేరకు అది వ్యాసంకన్నా నిజాయితీ గల రచన. కాని నిజం చెప్పే ఆ చేత్తోనే, పదేళ్ళ క్రితం 37వ ఏట చనిపోయిన మనిషిని ‘రోజీ’ చేసి, ఆమె దుస్తులనూ పెదవులనూ తూచాడు. చివర తన తొలి అభిప్రాయాలు తప్పని కొన్ని పేరాల్లో ఒప్పుకున్నాడు. నవల అంతా ప్రతినాయికగా నడిపించి, ఆఖరి పేజీలో క్షమాపణ చెబితే పాత్ర మారుతుందా?

రచయితలు గట్టిగా పట్టించుకోవలసింది మరొకటుంది. పుస్తకంలో ఆ ఛాయాచిత్రం చూడగానే వాట్సన్ గుండె దడదడలాడుతుంది. మంచి సన్నివేశం. ఆమె పక్షాన మాట్లాడినవాళ్ళలో కూడా చాలామంది దీన్నే పట్టుకున్నారు. ‘ఫొటోగ్రాఫ్ 51’ పేరుతో నాటకమే వచ్చింది. దాంతో ఆమె, తన చేతిలోని చిత్రానికి అర్థం తెలియక దాన్ని పోగొట్టుకున్న అభాగ్యురాలిగా స్థిరపడింది. మాథ్యూ కాబ్, నథానియేల్ కంఫర్ట్ అనే చరిత్రకారులు 2023లో ‘నేచర్’లోనే దీన్ని ఖండించారు. వారి వాదన ప్రకారం అసలు కీలకం నివేదికలోని కొలతలు. ఫ్రాంక్లిన్ నలుగురిలో సమాన భాగస్వామి. 1953లో ‘టైమ్’ పత్రిక కోసం జోన్ బ్రూస్ రాసి అచ్చుకాని చిత్తుప్రతి ఒకటి ఫ్రాంక్లిన్ కాగితాల్లో వారికి దొరికింది. అందులో ఈ పని రెండు బృందాల ఉమ్మడి కృషి.

ఛాయాచిత్రం కథకు లొంగుతుంది, అంకెల పట్టిక లొంగదు. కాబట్టి ప్రత్యర్థి రాసిన సన్నివేశాన్నే తీసుకుని, మనం అందులో నాయకుణ్ణి మాత్రం మార్చాం. ఇంతా చేసి, 1952 మేలో కెమెరా ముందు గంటల తరబడి కూర్చుని ఆ చిత్రం తీసిన విద్యార్థి గాస్లింగ్ ఇటువైపు కథలోనూ ఒక వాక్యానికి మించి కనపడడు.