రేకు పువ్వయ్యే చోటు

పువ్వుకుండేదీ రేకే, షెడ్డు మీద కప్పేదీ రేకే. ఈ రెండింటినీ ఒకే మాటతో పిలుచుకునే తెలుగువాడికి రోల్ ఫార్మింగ్ ఇంజినీరు గీసే ఒక డ్రాయింగ్ చూస్తే ముచ్చటేస్తుంది. వరసగా నిలిపిన రోలర్ల మధ్య నడిచే చదునైన ఉక్కు పట్టీ ఏ దశలో ఎంత మడత పడాలో నిర్ణయించి, ఆ దశలన్నిటినీ ఒకదాని మీద ఒకటిగా గీస్తారు. కొంచెం కొంచెంగా పైకి లేచే ఆ అంచుల గీతలన్నీ కలిసి విచ్చుకుంటున్న పువ్వులా కనబడతాయి. ఈ వృత్తిలో ఆ డ్రాయింగు పేరు కూడా ‘ఫ్లవర్’. ఫ్యాక్టరీలో లైను సాఫీగా నడుస్తుందా, రోజూ సతాయిస్తుందా అన్నది చాలావరకు ఆ పువ్వులోనే తేలిపోతుంది.

ఈ పనితనం బాగా కనబడే వస్తువు జెడ్ పర్లిన్. గోదాములో నిలబడి తలెత్తి చూస్తే, పైకప్పు రేకుల కింద వరసగా పరిచిన పలుచని ఉక్కు దూలాలే పర్లిన్లు. ముడతల రేకుకు 1829లో లండన్ రేవుల ఇంజినీరు హెన్రీ రాబిన్సన్ పామర్ పేటెంటు తీసుకున్నాడు. మడత పడితే పలుచని లోహానికి కూడా బలం వస్తుందన్న ఆ సూత్రమే పర్లిన్‌లోనూ ఉంది. జెడ్ ఆకారంలో ఇంకో తెలివి కూడా దాగుంది. దాని రెండు రెక్కల్లో ఒకటి రవ్వంత వెడల్పు, రెండోది రవ్వంత ఇరుకు. ఒక పర్లిన్‌ను తిప్పి పెడితే పక్కదానిలో ఒదిగిపోతుంది. ఫ్రేము మీద రెండు పర్లిన్లు కలిసే చోట వాటిని ఇలా ఒకదానిలో ఒకటి దూర్చి బోల్టు వేస్తారు. బరువు ఎక్కువగా వంచే చోట ఉక్కు రెండు పొరలవుతుంది. ఈ ఒదుగుడు కుదరాలంటే రెక్క కొలత ప్రతి ముక్కలోనూ ఒకేలా రావాలి. లైను మీద పడే మొదటి బాధ్యత ఇదే.

మడత పెట్టడానికి అన్ని రోలర్లు ఎందుకు? లెక్క వేసి చూద్దాం. 60 మిల్లీమీటర్ల రెక్కను చదును నుంచి నిలువుకు లేపాలి. పట్టీ మధ్యభాగం తిన్నగా ముందుకు పోతుంది. రెక్క కొస మాత్రం ముందుకు పోతూనే పైకి లేవాలి, లోపలికి జరగాలి. కనుక దాని దారి పొడవు. ఈ పనంతా 300 మిల్లీమీటర్ల దూరంలో ముగిస్తే కొస దాదాపు 312 మిల్లీమీటర్లు నడవాలి, అంటే నూటికి నాలుగు పాళ్లు సాగాలి. పర్లిన్లకు వాడే 345 మెగాపాస్కల్ ఉక్కు సాగి మళ్లీ తన పొడవుకు తాను రాగలిగేది వెయ్యికి రెండు పాళ్లలోపే. ఆ హద్దు దాటితే అంచు సాగినట్టే ఉండిపోతుంది. మధ్యభాగం కన్నా పొడవైన అంచు ఇమడటానికి చోటు లేక అలలు తేలుతుంది, పర్లిన్ వంగుతుంది, మెలి తిరుగుతుంది. అదే మడతను 3 మీటర్ల దూరం మీద పరిస్తే సాగుడు పదివేలకు నాలుగు పాళ్లే. ఇది కాగితం మీద సూటి గీత లెక్క. నిజానికి వంపు చాలావరకు ప్రతి రోలరుకు కాస్త ముందే పడుతుంది కాబట్టి సాగుడు ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది. అందుకే పర్లిన్ లైన్లలో సాధారణంగా 14 నుంచి 20 స్టాండ్లు, అంటే రోలర్ల జతలు, పెడతారు. 18 స్టాండ్లు 450 మిల్లీమీటర్ల ఎడంతో నిలబెడితే రోలర్ల వరసే 8 మీటర్లకు దగ్గరవుతుంది. స్థలం కలిసొస్తుందని, ఖర్చు తగ్గుతుందని నాలుగు స్టాండ్లు తీసేస్తే, ఆ మిగులు తుక్కుగా బయటికొస్తుంది.

రోలర్ల దగ్గర కాసేపు నిలబడి చూస్తే చిన్న చిన్న ఉపాయాలు ఒక్కొక్కటే కంటబడతాయి. మొదటి స్టాండ్లలో మడత స్వల్పం, ఎందుకంటే పట్టీ ముందు సూటిగా దారిలో పడాలి. మధ్య స్టాండ్లు ఎక్కువ పని చేస్తాయి. చివరికొచ్చేసరికి మళ్లీ స్వల్పమే, అక్కడ జరగాల్సింది కొలత దిద్దుకోవడం. ప్రతి స్టాండులో రోలరు వ్యాసాన్ని వెనకదాని కన్నా రవ్వంత పెంచుతారు. పట్టీ ఎక్కడా వదులు కాకుండా ముందు రోలరు దాన్ని సన్నగా లాగుతూనే ఉంటుంది. వంచిన ఉక్కు వదిలితే కాస్త వెనక్కి విచ్చుకుంటుంది గనుక చివరి స్టాండ్లలో 90 డిగ్రీలు దాటించి వంచుతారు, వదిలాక అది 90కి వచ్చి నిలుస్తుంది. ఇంకా మిగిలిన మెలినీ వంపునీ ‘టర్క్స్ హెడ్’ అనే సర్దుబాటు రోలర్ల చట్రం దిద్దుతుంది. ఇంత యంత్రాంగాన్నీ వరసలో నిలిపేటప్పుడు అనుభవజ్ఞుడైన ఫిట్టరు మొదటి స్టాండు నుంచి చివరి స్టాండు దాకా సన్నని తీగ బిగించి చూస్తాడు. తాపీమేస్త్రీ గోడకు దారం పట్టినట్టే.

లైను ప్లాను నిజానికి రోలర్ల కన్నా చాలా ముందు, ఉక్కు రేకు చుట్టను, అంటే కాయిల్‌ను, చీల్చే చోటే మొదలవుతుంది. 200 మిల్లీమీటర్ల లోతున్న జెడ్‌కు చదును పట్టీ సుమారు 350 మిల్లీమీటర్ల వెడల్పు కావాలి. 1250 వెడల్పు కాయిల్ నుంచి అలాంటివి మూడే వస్తాయి, మిగిలేది 200. ఆ 200కు ముందే ఒక చిన్న ఛానెల్ ఆర్డరు చూసిపెట్టుకున్నవాడు లాభంలో ఉంటాడు. లేనివాడు ప్రతి కాయిల్‌లో దాదాపు ఆరో వంతును తుక్కు ధరకు అమ్ముకుంటాడు.

చీల్చిన కాయిల్ దాన్ని విప్పే డీకాయిలర్ మీదికెక్కుతుంది. కట్టిన బెల్టు తెంచగానే చుట్ట విరజిమ్ముకోకుండా ఒక చెయ్యి దాన్ని పైనుంచి నొక్కి పట్టి ఉంచుతుంది. తర్వాత లెవెలర్ పట్టీలోని చుట్ట వంపును తీస్తుంది. బోల్టు రంధ్రాలను పట్టీ చదునుగా ఉండగానే పంచ్ ప్రెస్ పొడుస్తుంది, మడిచాక లోపలికి పంచ్ దూర్చడం కష్టం. ఇక్కడొక చిక్కుంది. పంచ్ పడే క్షణం పట్టీ ఆగాలి, రోలర్లు మాత్రం ఆగకూడదు. అందుకని రెండింటి మధ్య గొయ్యి తీసి, పట్టీని వదులుగా వేలాడనిస్తారు. పంచ్ దగ్గర పట్టీ ఆగినప్పుడు రోలర్లు ఆ వదులును తింటాయి, పట్టీ కదిలాక గొయ్యి మళ్లీ నిండుతుంది. లైనులో ఏ పనీ చేయనట్టు కనిపించే ఆ వేలాడే వంపే రెండు యంత్రాలను తగువు లేకుండా నడిపిస్తుంది.

వేగం మాట వచ్చేసరికి చాలామంది మోటారు వైపు చూస్తారు. లెక్క వేరే చోట చూడమంటుంది. 350 వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం పట్టీ మీటరుకు దాదాపు ఐదున్నర కిలోలు, కనుక 5 టన్నుల కాయిల్‌లో 910 మీటర్లుంటాయి. నిమిషానికి 20 మీటర్ల వేగంతో అది 45 నిమిషాల్లో అయిపోతుంది. కొత్త కాయిల్ ఎక్కించడానికి 15 నిమిషాలు పడితే గంటకు వచ్చేది అదే 910 మీటర్లు, అంటే అసలు వేగం నిమిషానికి 15 మీటర్లే. డబ్బు పెట్టి రోలర్ల వేగాన్ని 25కు పెంచినా అసలు వేగం 18కి చేరదు. దాని బదులు రెండు తలల డీకాయిలర్ పెట్టి, ఒక కాయిల్ నడుస్తుండగానే రెండోది సిద్ధం చేసుకుని, మార్పును 5 నిమిషాలకు దించితే, పాత 20 వేగంతోనే అసలు వేగం 18 దాటుతుంది. రోలర్ల మీద అరుగుదల పెరగదు, కొలతలూ చెదరవు. 6 మీటర్ల పర్లిన్‌కు రోలర్లు తీసుకునేది 18 సెకన్లు. దాని రంధ్రాలు పొడవడానికే 24 సెకన్లు పడుతుంటే మోటారు ఎంత పెద్దదైనా ఒకటే.

కటింగు దగ్గర కూడా ఇలాంటి వివేకమే కావాలి. మడిచాక కోస్తే కొస నీటుగా ఉంటుంది, కానీ ఆకారానికి తగిన డై కావాలి. మడవకముందే కోస్తే డై బెడద లేదు, అయితే ఉక్కులో దాగిన బిగువు విడిపోయి ముక్క కొసలు ఎక్కువగా విచ్చుకుంటాయి. ఒకే సైజు నెలల తరబడి తీసేవాడికి మొదటిది నప్పుతుంది, రోజుకు నాలుగు సైజులు మార్చేవాడికి రెండోది. 12 మీటర్ల పర్లిన్ తీయాలంటే కట్టరు తర్వాత కనీసం అంత పొడవు బల్ల, దాని పక్కన కట్టలు పేర్చే చోటు, ఆపైన లారీ నిలిచే చోటు కావాలి. కాయిల్ ఒక గుమ్మంలోంచి వచ్చి సరుకు ఎదుటి గుమ్మంలోంచి పోయేలా ఉంటే క్రేను ఒకే దారిలో రెండుసార్లు తిరగదు.

మన ప్రాంతంలో లైను వేసేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. విశాఖ ఉక్కు కర్మాగారం చేసేది కడ్డీలు, వైర్ రాడ్లు, స్ట్రక్చరల్స్. కాయిళ్లు మాత్రం బళ్లారి జిల్లా తోరణగల్లు వంటి చోట్ల నుంచి రావాలి. దారిలో ఆలస్యమైనా లైను ఆగకుండా నిల్వకు చోటు ఉంచుకోవాలి. లాటు మారినప్పుడల్లా ఉక్కు గట్టితనం కాస్త మారుతుంది కాబట్టి ప్రతి కొత్త కాయిల్ మొదటి ముక్కను కొలిచి చూడాలి. రోలర్లు కలిసే చోట్ల కంచె, లైను పొడవునా చేతికందే అత్యవసర తాడు మొదటి డ్రాయింగులోనే ఉండాలి.

రోల్ ఫార్మింగ్ లైను వేయదలచినవారికి నా మాట ఒక్కటే. యంత్రాల కొటేషన్లు తెప్పించుకునే ముందు ఒక ఏడాది ఆర్డర్ల జాబితా ముందు పెట్టుకోండి. ఏ సైజు, ఎంత పొడవు, ఎన్ని రంధ్రాలు, నెలకు ఎన్ని టన్నులో రాసుకోండి. ఎన్ని స్టాండ్లు, ఎంత వదులు, ఏ కట్టరు, ఎంత బల్ల అన్నవన్నీ ఆ కాగితంలోంచే వస్తాయి. ఉక్కుకు ఒక్కోచోట ఎంత వంగే ఓపిక ఉందో అంతే అడిగిన లైను ఏళ్ల తరబడి నిక్కచ్చిగా నడుస్తుంది.