గాజుపలక మీద కన్ను నిలిపినవాళ్లు

సంక్రాంతి రోజుల్లో, చంద్రుడు లేని రాత్రి ఎనిమిది గంటలకు పులివెందుల దగ్గరి తుమ్మలపల్లె పొలాల్లో నిలబడి దక్షిణంగా తలెత్తితే, 56 డిగ్రీల ఎత్తున ఎన్‌జీసీ 1300 అనే గెలాక్సీ ఉంటుంది. లండన్‌లో అది 19 డిగ్రీలు దాటి పైకి రాదు. ఈ ఒక్క విషయంలో పులివెందులకున్న భాగ్యం గ్రీనిచ్‌కు లేదు!

నడుమ కడ్డీలా బారులు తీరిన నక్షత్రాలు, ఆ కడ్డీ రెండు కొసల నుంచి చెరో పక్కకు తిరిగిన సర్పిల భుజాలు. దూరం ఆరు కోట్ల కాంతి సంవత్సరాలకు పైమాటే. 1835 డిసెంబరులో జాన్ హెర్షెల్ దక్షిణాఫ్రికా కేప్‌లో కూర్చుని దీన్ని కనిపెట్టాడు. ఫొటో లేదు, కంప్యూటర్ లేదు. లోహపు అద్దం, కన్ను, అంతే.

ఆ కంటి పనితనం గురించే నా మాటంతా. ముందు అరగంట చీకట్లో కూర్చోవాలి, సెల్‌ఫోన్ ముట్టకూడదు. మృగశిర దాపున వేటగాడి కాలి చుక్క రైజెల్ నుంచి ఎరిడానస్ మండలం వెంట పడమటికి, కొంచెం దక్షిణానికి జరుగుతూ టౌ-4 అనే చుక్కను పట్టుకోవాలి. అక్కడి నుంచి ఉత్తరానికి రెండు డిగ్రీల పైచిలుకు జరిగితే మనం వెతికే గెలాక్సీ. సూటిగా చూస్తే మాయమవుతుంది. కొంచెం పక్కకు చూడాలి. మసక వెలుతురును పట్టే కణాలు కంటిపొరలో నడిమధ్యన ఉండవు, చుట్టూ ఉంటాయి. అప్పటికీ అందకపోతే దూరదర్శిని గొట్టాన్ని వేలితో మెల్లగా తట్టాలి. కదిలేదాన్ని కన్ను తొందరగా పసిగడుతుంది. ముందు ఒక మసక మరక తేలుతుంది. ఓపిక ఉన్నవాడికి, పెద్ద అద్దం ఉన్నవాడికి కడ్డీ కూడా తెలుస్తుంది.

ఇదే ఓపికను తెలుగు నేల మీద ఒక సంస్థ ఏళ్ల తరబడి చూపించింది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో హైదరాబాద్‌లో పెట్టిన నిజామియా వేధశాల 1908లో ప్రభుత్వం చేతికొచ్చింది. ప్రపంచంలోని పలు వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని పటం గీస్తున్న కాలమది. చిలీలోని శాంటియాగో చేయలేక వదిలేసిన పట్టీ, ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల దాకా, మనవాళ్ల వంతుకొచ్చింది. ఎన్‌జీసీ 1300 ఉన్నది సరిగ్గా ఆ పట్టీలోనే! వేధశాల అధిపతి పోకాక్, ఆయన తర్వాత టి.పి. భాస్కరన్ ఆ పని నడిపించారు. ఎక్కువ వేధశాలల్లో 13 అంగుళాల కటకాలు, మన దగ్గర 8 అంగుళాల కుక్ దూరదర్శిని. ఫొటో పడుతున్నంతసేపూ ఒక మనిషి దారి చూపే చుక్కను అడ్డగీత మీంచి జారనీయకుండా కళ్లప్పగించాలి. తర్వాత గాజుపలక మీద సన్నని గళ్ల ఆధారంగా, సూక్ష్మదర్శినిలో ఒక్కో చుక్క నిలువు కొలత, అడ్డం కొలత రాయాలి. అలా లక్షలాది చుక్కలు. ఇంతకంటే గొప్ప పని దేశంలో ఏ వేధశాల చేసిందో చెప్పండి, వింటాను.

అదంతా ఏమైంది? భాస్కరన్ తర్వాత వచ్చిన అక్బర్ అలీ కలగన్న 48 అంగుళాల దూరదర్శిని 1968లో హైదరాబాద్ దాపున జపాల్-రంగాపూర్‌లో వెలిసింది. 1980 సంపూర్ణ సూర్యగ్రహణానికి అక్కడ జనం పోగయ్యారు. ఆ తర్వాత నగరపు వెలుతురు మీదికొచ్చింది, దూరదర్శిని మూలనపడింది. ఇప్పుడు బజారులో ప్లాస్టిక్ గొట్టానికి "525 రెట్లు" అని అట్ట అతికించి పిల్లలకు అంటగడుతున్నారు. వణికే ముక్కాలిపీట మీద దానిలో చందమామ కూడా నిలవడు. దానితో మోసపోయిన పిల్లవాడు మళ్లీ ఆకాశం వైపు చూస్తాడా? ఇంకొందరు హబుల్ అంతరిక్ష దూరదర్శిని తీసిన ఎన్‌జీసీ 1300 బొమ్మకు రంగులు పెంచి "మన మిద్దె మీంచి తీశాం" అని పంచుకుంటున్నారు. సిగ్గుండాలి! హబుల్ బొమ్మలో ఆ గెలాక్సీ నడిబొడ్డున సుమారు 3,300 కాంతి సంవత్సరాల వెడల్పున మరో చిన్న సర్పిలం కనిపిస్తుంది. కడ్డీ వెంట వాయువు లోపలికి జారుతుందని తెలిపే సాక్ష్యమది. దానికి దొంగ రంగులెందుకు?

తుమ్మలపల్లె నేలలోని యురేనియం కూడా భూమి పుట్టకముందే ఏ నక్షత్రాల విధ్వంసంలోనో తయారైందే. దాన్ని తవ్వుకోవడం తెలిసిన మనకు పైకి చూడటం బరువైపోయిందా?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పెద్దలకు నా మనవి. కొత్త వీధి దీపాలు వేయించండి, కాదనను. ఒక్కో దీపానికి పైన రేకు మూత పెట్టించండి, వెలుతురు నేలకే పడుతుంది, కరెంటూ మిగులుతుంది. ప్రతి హైస్కూలుకు ఆరు లేక ఎనిమిది అంగుళాల అద్దమున్న దూరదర్శిని ఒకటి కొనిపెట్టండి. చీనీ తోటల్లో రాత్రి కరెంటు కోసం మోటారు దగ్గర కాచుకునే రైతు కూడా వచ్చి చూసేలా బడి గేటు తెరిచి ఉంచండి.