ఆలస్యం జాడ పట్టే విద్య

ఫోనులో ఒక కథ చదువుదామని లింకు నొక్కుతాం. తెర తెల్లబడుతుంది. పైన సన్నటి గీత సగం దాకా పాకి ఆగిపోతుంది. రెండు సెకన్లు, మూడు, నాలుగు... ఇంకాస్త ఓపిక పడితే కథ వచ్చేదేమో, ఈలోగానే వేలు వెనక్కి వెళ్లే గుర్తు మీద పడుతుంది. రాసినవాళ్లకి ఆ పాఠకుడు వచ్చిన సంగతీ తెలియదు, వెళ్లిపోయిన సంగతీ తెలియదు. ఎంతోమంది శ్రమపడి టైపు చేసి, అచ్చుతప్పులు దిద్ది, ఇంటర్నెట్లోకి ఎక్కించిన తెలుగు సాహిత్యం ఇలా గుమ్మంలోనే ఆగిపోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. సైటు స్లోగా ఉంది అనుకుని ఊరుకునే బదులు, ఎందుకు స్లోగా ఉందో వెతికి పట్టే విద్య ఒకటి ఉంది. అది మన పత్రికలవాళ్లందరికీ అందాలని నా కోరిక.

ఈ విద్యకో పరంపర ఉంది. కంప్యూటర్ జవాబు కోసం మనిషి ఎంతసేపు ఓపిక పట్టగలడని రాబర్ట్ మిల్లర్ 1968లోనే ఒక పత్రం రాశాడు. 1993లో యాకోబ్ నీల్సన్ ఆ సంగతినే మూడు అంకెల్లో చెప్పాడు. సెకనులో పదో వంతులో జవాబొస్తే వెంటనే వచ్చినట్టుంటుంది. ఒక సెకను దాటితే ఆలోచన తెగుతుంది. పది సెకన్లు దాటితే మనసు వేరే పని మీదికి పోతుంది. 2007లో, అప్పట్లో యాహూలో పనిచేస్తున్న స్టీవ్ సౌడర్స్ ఒక పుస్తకంలో 14 సూత్రాలు రాసి, అందరూ తప్పుగా అనుకుంటున్న విషయాన్ని సరిచేశాడు. పాఠకుడు ఎదురుచూసే సమయంలో 80 నుంచి 90 శాతం సర్వర్ దగ్గర పోవడం లేదు. పేజీ బ్రౌజరుకు చేరాక అది బొమ్మల్నీ స్టైల్ ఫైళ్లనీ స్క్రిప్టుల్నీ తెచ్చుకుని పేర్చుకోవడంలో పోతోంది. ఆ మరుసటి ఏడాదే ఏఓఎల్‌లో పాట్రిక్ మీనన్ తయారుచేసిన వెబ్‌పేజ్‌టెస్ట్ అందరి చేతికీ వచ్చింది. ఆనాటి నుంచి ఊహలతో పని లేకుండా పోయింది.

అయినా ఇప్పటికీ చాలామంది ఊహతోనే మొదలుపెడతారు. సైటు నెమ్మదించగానే స్పీడు పెంచుతుందని చెప్పే ప్లగిన్ ఒకటి తెచ్చి తగిలిస్తారు, అది చాలకపోతే ఇంకోటి. నాడి చూడకుండా మందు వేయడం లాంటి పని ఇది. ముందు కొలవాలి. కంప్యూటర్లో క్రోమ్ తెరిచి ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ అనే చోటికి వెళ్లి, ఇదివరకు దాచుకున్న ఫైళ్లు, అంటే క్యాష్, వాడొద్దని టిక్కు పెట్టి, కనెక్షన్‌ని నెమ్మదైన 4జీకి మార్చి, పేజీని మళ్లీ తెరవాలి. అప్పుడు గీతలు గీతలుగా ఒక పటం దిగుతుంది. వాటర్‌ఫాల్ అంటారు దాన్ని. ఒక్కో గీత ఒక్కో ఫైలు, గీత పొడుగు అది పట్టిన సమయం.

ఈ పటం చదవడమే అసలు నేర్పు. మొట్టమొదటి గీతే పొడుగ్గా ఉండి మిగతావన్నీ దాని కోసం కాచుకుని ఉంటే జబ్బు సర్వర్‌ది. గీతలు మెట్లుమెట్లుగా దిగుతుంటే ఒక ఫైలు వచ్చాకగాని ఇంకో ఫైలు సంగతి బ్రౌజరుకు తెలియడం లేదని అర్థం. స్టైల్ ఫైలు వచ్చాక అది ఫాంటును అడుగుతుంది, స్క్రిప్టు వచ్చాక అది ఇంకో స్క్రిప్టును పిలుస్తుంది. గీతలన్నీ ముగిసినా తెర ఇంకా తెల్లగానే ఉంటే ఫోను స్క్రిప్టులతో కుస్తీ పడుతోందన్నమాట. పది పేజీల పటాలు శ్రద్ధగా చూసినవాళ్లకి పదకొండోది చూడగానే జబ్బు తెలిసిపోతుంది.

సర్వర్ జబ్బుకి గూగుల్ పెట్టిన కొలత 0.8 సెకను. లింకు నొక్కాక మొదటి బైటు ఆలోపు రావాలి. తెలుగు పత్రికలు చాలావరకు వర్డ్‌ప్రెస్‌తో నడుస్తాయి. ఎవరైనా పేజీ అడిగినప్పుడల్లా అది డేటాబేసులోంచి ముక్కలు తీసి పేజీని కొత్తగా వండుతుంది. పదేళ్ల కిందట వేసిన కథలో ఇవాళ మారేదేమీ లేదు. అయినా చదవడానికొచ్చిన ప్రతి ఒక్కరికీ విడిగా పొయ్యి వెలిగించడం ఎందుకు? ఒకసారి వండిన పేజీని అలాగే దాచి అందరికీ వడ్డించే ఏర్పాటే పేజీ క్యాష్. చాలా సైట్లకు ఇదొక్కటే సగం జబ్బు నయం చేస్తుంది. మిగిలిందేమైనా ఉంటే క్వెరీ మానిటర్ అనే ప్లగిన్ చూపిస్తుంది. ఎప్పుడో తీసేసిన ప్లగిన్లు డేటాబేసులో వదిలిపోయిన సామాను, ప్రతి పేజీకీ పనిలేకుండా లోడవుతోందేమో కూడా చూసుకోవాలి.

తర్వాతది దూరం. దీన్ని ఏ ప్రోగ్రామరూ గెలవలేడు. గాజు తీగలో వెలుతురు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాదు నుంచి అమెరికాలోని వర్జీనియాకి సుమారు 13 వేల కిలోమీటర్లు. తీగ తిన్నగా ఉందనుకున్నా పోయి రావడానికి సెకనులో ఎనిమిదో వంతు పడుతుంది. కనెక్షన్ కుదరడానికి ఒకసారి, తాళం వేసిన మాటలకు ఒప్పందం చేసుకోవడానికి ఇంకోసారి, పేజీ అడగడానికి మరోసారి, మూడు సార్లు పోయి రావాలి. ఇంకా అక్షరం రాకముందే 0.4 సెకను ఖర్చు. నిజానికి తీగలు వంకర దారుల్లో పోతాయి కాబట్టి ఇంకా ఎక్కువే. చదివేవాళ్లు ఎక్కువమంది కరీంనగర్‌లోనూ కాకినాడలోనూ ఉన్నప్పుడు సర్వర్ అమెరికాలో ఎందుకుండాలి? అమెజాన్ క్లౌడ్ కేంద్రం ముంబయిలో 2016లో, హైదరాబాదులోనే 2022లో మొదలైంది. రెండు దేశాల్లోనూ పాఠకులున్న పత్రికలకు సీడీఎన్ ఉంది. పేజీ నకళ్లను ఊరూరా ఉంచి దగ్గరి చోటి నుంచి పంపే పద్ధతి అది.

బొమ్మల సంగతి చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. వెయ్యి మాటల తెలుగు కథ ఇరవై, పాతిక కిలోబైట్లలో ఇమిడిపోతుంది. ఫోనుతో తీసి తిన్నగా ఎక్కించిన 3 మెగాబైట్ల ఫొటో అలాంటి వంద కథలంత బరువు. ఫోను తెరకి వెయ్యి పిక్సెళ్ల వెడల్పు సరిపోతుంది. ఆ కొలతకు తగ్గించి వెబ్‌పి రూపంలో దాస్తే చాలు. పేజీ పైనే కనిపించే ముఖ్యమైన బొమ్మకి మాత్రం లేజీ లోడింగ్, అంటే పాఠకుడు దాని దగ్గరికి వచ్చేదాకా తేకుండా ఆపడం, పెట్టకూడదు. మంచిదని అన్నిటికీ పెడితే మొదట రావాల్సిన బొమ్మే చివరికి వస్తుంది.

స్క్రిప్టులు వేరే రకం బరువు. ఒక్కో కిలోబైటుకీ బొమ్మకంటే స్క్రిప్టే ఖరీదు, ఎందుకంటే దిగుమతి అయ్యాక దాన్ని ఫోను చదివి నడపాలి. ప్రకటనలు, షేర్ బటన్లు, ఎంతమంది వచ్చారో లెక్కపెట్టే పెట్టెలు, పండగకి రాలే పూలు ఒక్కోటీ ఎవరో ఎప్పుడో ముచ్చటపడి పెట్టినవే. ఖరీదైన ఫోనులో వాటి బరువు తెలియదు. తక్కువ ధర ఫోనులో మెనూ నొక్కితే కదలదు. నొక్కాక 200 మిల్లీసెకన్లలోగా తెర స్పందించాలన్నది గూగుల్ 2024 నుంచి తన ముఖ్య కొలతల్లో చేర్చిన నియమం. ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలో కనిపించాలన్నది ఇంకోటి. నలుగురిలో ముగ్గురికైనా అలా కుదరాలి. ఇదొక్క మాట సంపాదకులు గోడమీద రాసుకోవాలనిపిస్తుంది, ఎందుకంటే ఆఫీసు వైఫైలో తెరిచి బాగానే ఉందనుకోవడం మనందరి అలవాటు.

ఇక ఫాంటు. తెలుగు పేజీకి ఇంగ్లీషు పేజీకి లేని చిక్కు ఇక్కడే ఉంది. ముందు పాఠం బరువు చూద్దాం. అక్షరాల్ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరం ఒక బైటైతే తెలుగు అక్షరం మూడు. ‘లక్ష్మి’ అనే మాటలో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు గుర్తులున్నాయి, అంటే 21 బైట్లు. ఇది చూసి భయపడనక్కర్లేదు. ఆ మూడు బైట్లలో మొదటిది తెలుగు గుర్తులన్నిటికీ ఒకటే, రెండోది రెండింటిలో ఏదో ఒకటి. ఇలా పదేపదే వచ్చేవాటిని జీజిప్, బ్రోట్లీ అనే కుదింపు పద్ధతులు చక్కగా నొక్కిపెట్టేస్తాయి. సర్వర్లో అవి ఆన్ చేసి ఉన్నాయో లేదో చూసుకోవాలి, అంతే.

అసలు బరువు అక్షరాల ఆకారాలది. యూనికోడ్‌లో తెలుగుకి కేటాయించిన చోట్లు 128 మాత్రమే అయినా ఫాంటులో గీసి ఉంచాల్సిన ఆకారాలు కొన్ని వందలు. తలకట్టు మారిన రూపాలు, గుణింతాలు, ఒత్తులు, ఒత్తు కింద ఒత్తులు, వీటిని ఏ వరసలో ఎలా కలపాలో చెప్పే పట్టికలు. మామూలు ఫాంటు ఫైలు, అంటే టీటీఎఫ్, వంద కిలోబైట్లు దాటడం మామూలే. శీర్షికకి ఒకటి, ఉపశీర్షికకి ఇంకోటి, పాఠానికి మామూలుదీ బొద్దుదీ అని నాలుగు పెడితే కథకన్నా ఫాంట్లే ఎన్నో రెట్లు. పైగా ఫాంటు వచ్చేదాకా బ్రౌజరు మూడు సెకన్ల వరకూ అక్షరాల్ని దాచి ఉంచుతుంది. కథ ఫోనులోకి వచ్చేసింది, కంటికి మాత్రం కనబడదు. ఫాంట్-డిస్‌ప్లే అనే స్టైల్ నియమం దగ్గర స్వాప్ అని రాస్తే, ముందు ఫోనులో ఉన్న అక్షరాలతో చూపించి తర్వాత మారుస్తుంది. మారేటప్పుడు గుడుల ఎత్తూ ఒత్తుల లోతూ తేడా వచ్చి పంక్తులు గెంతుతాయి. రెండు ఫాంట్ల కొలతలు దగ్గరగా ఉండేలా స్టైల్ ఫైల్లో సర్దాలి.

నా సలహా ఇంకా తేలిక. పాఠానికి ఫాంటు పంపకండి. ఆండ్రాయిడ్‌లో నోటో శాన్స్ తెలుగు, ఐఫోన్‌లో కోహినూర్, విండోస్‌లో నిర్మల ఇప్పటికే ఉన్నాయి. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చేదాకా, పత్రికకో ఫాంటు పెట్టుకుని అది దిగితేగాని వార్త చదవలేని రోజులు మనం దాటివచ్చాం. రామభద్ర, సూరన్న, మండలి వంటి అందమైన ఫాంట్లను శీర్షికలకు వాడుకోవచ్చు, అదీ కుదించి. పైథాన్ సృష్టికర్త తమ్ముడు యుస్ట్ వాన్ రోసమ్ మొదలుపెట్టిన ఫాంట్‌టూల్స్‌లో ఆ పనికి పనిముట్టు ఉంది. ఏ అక్షరాలు కావాలో చెబితే మిగతావి తీసేసి ఉన్నవాటిని డబ్ల్యుఓఎఫ్ఎఫ్2 అనే తేలికైన వెబ్ ఫాంటు రూపంలో ఇస్తుంది.

కత్తెర వేసేటప్పుడే జాగ్రత్త కావాలి. తెలుగు గుర్తులు ఉంచి, కలిపే పట్టికలు తీసేస్తే ఒత్తులు చెల్లాచెదురవుతాయి. ఫైర్‌ఫాక్స్, ఫేస్‌బుక్ వంటి మాటల్లో పొల్లును పొల్లుగా నిలిపే, కంటికి కనిపించని గుర్తు ఒకటుంది. అదీ జాబితాలో ఉండాలి. అందుకని కుదించిన ఫాంటును సైటులో పెట్టేముందు లక్ష్మి, రాష్ట్రం, స్వాతంత్ర్యం, కార్త్స్న్యం, ఫైర్‌ఫాక్స్ అని ఒక పేజీలో పెద్ద అక్షరాలతో రాసుకోవాలి. దాన్ని ఇంట్లో ఉన్నవాటిలోకెల్లా పాత ఫోనులో తెరవాలి. మొదటి నాలుగు మాటల్లో ఒత్తు కిందికి దిగకుండా పొల్లు పక్కన నిలబడిందంటే కత్తెర ఎక్కువ పడినట్టే, మళ్లీ మొదటినుంచి చేయాలి.