కొత్త పాట చెవికెక్కదేం?

యాభై దాటినవాళ్లు నలుగురు కూడితే, ఈకాలం పాటల్లో సారం లేదనే మాట తప్పకుండా వస్తుంది. 1974లో ఘంటసాల కన్నుమూసినప్పుడు ఇక పాటే లేదన్నవాళ్లున్నారు. తర్వాత ఇళయరాజాను వింటూ పెరిగినవాళ్లు ఇప్పుడు తమన్‌ను విని అదే అంటున్నారు. ప్రతి తరానికీ తన ఇరవయ్యో పడిలోనే సంగీతం ఆగిపోతుంటే, అనుమానించాల్సింది సంగీతాన్ని కాదు. హోల్‌బ్రూక్, షిండ్లర్ అనే పరిశోధకులు 1989లో ప్రచురించిన అధ్యయనంలో, శ్రోతలు ఎక్కువగా ఇష్టపడ్డవి తమకు సుమారు 23.5 ఏళ్లున్నప్పుడు వచ్చిన పాటలేనని తేలింది.

అలాగని వయసే చెవిని మూసేస్తుందంటే ఒప్పుకోలేను. మలేసియాలోని సుంగై సిపుట్ లాంటి ఊళ్లో ఆ లెక్క తప్పుతుంది. కూలీలను కుదిర్చే కంగాణీల వెంట అక్కడి పేరాక్ రాష్ట్రపు రబ్బరు తోటలకు వచ్చిన తెలుగువాళ్ల పిల్లలు, మనవలు తమిళుల మధ్యే పెరిగారు. చాలామందికి బడి తమిళం, రేడియోలో మిన్నల్ ఎఫ్‌ఎం తమిళం. 1953 నాటి దేవదాసు రెండు భాషల్లోనూ వచ్చింది కాబట్టి ఆ పాటల విషయంలో పేచీ లేదు. ఇప్పుడలా కాదు. కొత్త తమిళ పాట అంగట్లో, పెళ్లి పందిట్లో వద్దన్నా చెవినపడుతుంది. కొత్త తెలుగు పాటను మాత్రం వెతుక్కుని వినాలి. ఒకే మనిషికి మొదటిది నోటికి వచ్చి రెండోది ఎక్కకపోతే, వయసును తప్పుపట్టడం ఎలా? పదేపదే ఎదురైనదాన్ని మనసు ఇష్టపడటం మొదలుపెడుతుందని మనస్తత్వవేత్త జాయోంట్స్ 1968లోనే చూపించాడు. అమెరికాలో క్రమ్‌హన్సల్ అనే పరిశోధకురాలి బృందం 2013లో ఇంకో ముచ్చట చెప్పింది: ఇరవయ్యేళ్లవాళ్లకు తమ అమ్మానాన్నల యవ్వనకాలపు పాటల మీదా మమకారం ఉందట. ఇంట్లో మోగిన పాటకు పుట్టిన సంవత్సరంతో పనిలేదన్నమాట.

పాత పాటలు నిజంగానే గొప్పవి కదా అంటారు. గొప్పవి మిగిలాయి, వాటితోపాటు వచ్చిన తాలు ఎవరికీ గుర్తులేదు, అంతే. కొత్త పాటలకు ఆ జల్లెడ ఇంకా పట్టలేదు. ఓపిక తగ్గుతుందన్న వాదనలో మాత్రం నిజం ఉంది. ఉద్యోగం, పిల్లలు, అప్పులు ఉన్నవాడు తెలియని పాటకు పది అవకాశాలివ్వడు, తెలిసినదాన్నే పెట్టుకుంటాడు. అది నేరమేమీ కాదు. కాకపోతే తెలుగు వీధిలో వినిపించని ఊళ్లో, ఇంట్లోనూ కొత్త తెలుగు పాట మోగకపోతే పిల్లలకు అది తగిలే చోటే ఉండదు. వారానికి ఒక్కదాన్ని వంటింట్లో పదిసార్లు మోగనిస్తే చాలు. అప్పటికీ నచ్చకపోతే తీరిగ్గా తిట్టుకోవచ్చు.