వీధికి వదిలిన చోటు

ఈ వారం మా మేనకోడలు ఇటలీ ప్రయాణం ప్లాన్ పంపింది, "అత్తా, ఒక్కసారి చూసి చెప్పు" అని. ట్రావెల్ ఏజెంటు తయారుచేసిచ్చిన కాగితం. వారం రోజుల్లో రోమ్, ఫ్లోరెన్స్, పీసా, వెనిస్, మిలాన్. వెంట నాలుగేళ్ల పిల్లవాడు. పొద్దున్నే బస్సు, మధ్యాహ్నం కొలోసియం, సాయంత్రం వాటికన్. వాడు ఎక్కడ తింటాడో, ఎక్కడ పరుగెడతాడో, ఎప్పుడు పడుకుంటాడో మాత్రం ఒక్క ముక్క లేదు. చదువుతుంటే ఒళ్లు మండింది.

ఈ శీర్షిక చదివేవాళ్లకు నా పట్టు తెలిసిందే. పిల్లలతో వెళ్తే ఒక్క ఊరే వెళ్లాలి, ఆ ఊళ్లో ఒక్క పేటలోనే ఉండాలి. రోజూ అదే రొట్టెల కొట్టుకి వెళ్తుంటే నాలుగు రోజులకి కొట్టు వాళ్లు పిల్లని గుర్తుపట్టాలి. కట్టడాలదేముంది, పిల్లలు పెద్దయ్యాక మళ్లీ వెళ్లినా అక్కడే ఉంటాయి.

ఇటలీకి ఈ పద్ధతి మరీ బాగా నప్పుతుంది, వాళ్ల రోజు నడిచే తీరు తెలిస్తే. మధ్యాహ్నం చాలా ఊళ్లలో చిన్న కొట్లు మూసేస్తారు. ఆ వేళ పిల్లని పడుకోబెట్టాలి. రాత్రి భోజనానికి చాలా హోటళ్లు ఏడున్నర దాకా తలుపు తీయవు. మన పిల్లలు ఆరింటికే ఆకలని గోల పెడతారు కాబట్టి, అక్కడి పిల్లలకు పెట్టినట్టే నాలుగూ అయిదు మధ్య ఏదో ఒకటి పెట్టెయ్యాలి. దాన్ని మెరెండా అంటారు. రొట్టెముక్కో, పండో, ఐస్‌క్రీమో ఏదైనా సరే. హోటల్లో పిల్లకు ఏం చెప్పాలో తోచకపోతే 'పాస్తా ఇన్ బియాంకో' అంటే చాలు. మెనూలో లేకపోయినా వెన్నో ఆలివ్ నూనో కలిపిన తెల్లటి పాస్తా తెచ్చిపెడతారు. కారం ఉండదు, సాసు ఉండదు, అక్కడి పసిపిల్లలు తినేదే అది. పైన చల్లే పార్మిజానో జున్నును దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్‌తో తోడుపెడతారు. పట్టింపు ఉన్నవాళ్లు ముందే వద్దని చెప్పాలి.

ఇదంతా మేనకోడలికి రాసి, కట్టడాలన్నీ కొట్టేసి ఊరికే ఏదో ఒక పేటలో ఉండి రమ్మని ముగిద్దామనుకున్నాను. ఊరి పేరు రాయాల్సి వచ్చేసరికి బొలోన్యా గుర్తొచ్చింది. అక్కడ కలం ఆగింది.

మేం బొలోన్యా వెళ్లినప్పుడు మా అమ్మాయికి అయిదేళ్లు. ఊరి నడిబొడ్డున పియాత్సా మజ్జోరే అనే పెద్ద కూడలి ఉంది. దాని పక్కనే 1200 ప్రాంతంలో మొదట కట్టిన పొదెస్తా భవనం. ఆ భవనం కింద నాలుగు దారులు కలిసేచోట ఎత్తైన కమాను కప్పు. ఒక మూల గోడకి మొహం పెట్టి గుసగుసలాడితే ఎదురు మూలన నిలబడ్డవాళ్లకు చెవిలో చెప్పినట్టు వినిపిస్తుంది. మధ్యలో నడిచిపోయేవాళ్లకు ఏమీ వినపడదు. మాకు ఈ సంగతి తెలియదు. రాత్రి తొమ్మిదిన్నర దాటింది, మా ఇంట్లో ఆ వేళకి లైట్లు ఆర్పేస్తాం. ఓ పెద్దావిడ మా అమ్మాయి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, మూలన గోడవైపు తిప్పి నిలబెట్టింది. ఎదురు మూలన ఆవిడ మనవడు. మా పిల్ల తెలుగులో "నీ పేరేంటి?" అంది. ఇటాలియన్‌లో ఏదో జవాబొచ్చింది. మళ్లీ తెలుగు, మళ్లీ ఇటాలియన్. వెనకాల ఇంకో నలుగురు పిల్లలు వరసకట్టారు. ఎవరి తల్లీ తొందరపెట్టలేదు.

మర్నాడు అదే కూడలిలో సాన్ పెత్రోనియో చర్చిలోకి వెళ్లాం. 1390లో మొదలుపెట్టిన ఆ చర్చికి ముందుభాగం పాలరాయి ఇవాళ్టికీ సగమే ఉంది. లోపల నేలమీద కస్సినీ అనే ఖగోళ శాస్త్రవేత్త 1655లో గీయించిన గీత సుమారు 67 మీటర్ల పొడవున సాగుతుంది. కప్పులోని చిన్న రంధ్రం గుండా పడే ఎండ సూర్యుడు నడినెత్తికొచ్చే వేళ ఆ గీత మీదికి చేరుతుంది. మా అమ్మాయి ఆ ఎండబిళ్ల పక్కన చతికిలపడి అది జరగడం చూసింది. బయట మెట్ల మీద కాలేజీ పిల్లలు పిజ్జా ముక్కలు తింటున్నారు. కూడలి పక్కన సాలాబోర్సా లైబ్రరీలో అద్దాల నేల కింద రోమన్ల నాటి పునాదులు కనిపిస్తాయి. బోర్లా పడుకుని వాటిని చూసిన పిల్ల, లేచి పిల్లల పుస్తకాల గదిలోకి పరుగెత్తింది.

ఇందులో చూడాల్సిన కట్టడమేది, రోజువారీ బతుకేది? ఇన్నేళ్లుగా ఈ శీర్షికలో రెంటికీ మధ్య గీత గీస్తూ వచ్చాను. ఆ ఊరు ఆ గీతను ఒప్పుకోదు.

ఇటాలియన్లకు పిల్లలంటే ప్రాణం, అందుకే అలా ఉంటుందని అంటారు. ప్రాణమే, నేను కళ్లారా చూశాను. కానీ 2008లో 5.7 లక్షలకు పైగా పిల్లలు పుట్టిన ఆ దేశంలో 2024లో పుట్టినవాళ్లు సుమారు 3.7 లక్షలే. రోమ్‌లో స్పానిష్ మెట్ల మీద 2019 నుంచి కూర్చోనివ్వరు, కూర్చుంటే జరిమానా. ఇటాలియన్ల ప్రేమ అక్కడా ఉంది, కూర్చునే చోటే లేదు.

బొలోన్యాలో చోటుంది. ఆ ఊరి వీధుల పక్కన స్తంభాల మీద నిలిచిన నడవలు అన్నీ కలిపి 62 కిలోమీటర్లు. విశ్వవిద్యాలయం వల్ల జనం పెరిగి ఇళ్లు చాలక, పై అంతస్తుల్ని వీధి మీదికి జరుపుకుంటూ పోయారు. కింద స్తంభాలు నిలబెట్టారు. వేరే ఊళ్లు అలాంటివాటిని ఆక్రమణలని తీసేయించాయి. బొలోన్యా మాత్రం 1288లో చట్టం చేసి ప్రతి ఇంటికీ నడవ ఉండి తీరాలంది. నేల ఇంటివాళ్లది, బాగోగులు చూసుకోవడం వాళ్లదే, నడిచే హక్కు మాత్రం ఊరందరిదీ. మన వీధి అరుగుల్లాంటిదే, కాకపోతే చట్టం రాసిపెట్టి కాపాడిన అరుగు. 2021లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సాన్ లూకా కొండమీది చర్చి దాకా 666 కమానుల నడవ ఎక్కుతుంది. వానలోనూ పిల్లని నడిపించొచ్చు. నాలుగేళ్లవాడైతే కొండ మొదలయ్యేదాకా నడిచినా చాలు.

అరుగులు మనకూ ఉండేవి. రోడ్ల వెడల్పులో కొన్ని పోయాయి, మిగిలినవాటిని మనమే గోడ కట్టి లోపలికి కలిపేసుకున్నాం. ఇప్పుడు ఇల్లు కట్టాలంటే ముందువైపు ఇన్ని అడుగులు వదలాలని నిబంధన ఉంది. వదులుతున్నాం కూడా, ప్రహరీ లోపల. ఆ ప్రహరీని నాలుగడుగులు వెనక్కి జరిపి, బయట నీడా అరుగూ కట్టాలని నిబంధన పెట్టే మున్సిపాలిటీ మన రెండు రాష్ట్రాల్లో ఒక్కటున్నా నాకు రాయండి. మా మేనకోడలి పిల్లవాణ్ని ముందు అక్కడికి తీసుకెళ్తాను.