గుండె అన్నారు, లెక్క రాయలేదు

ఒక దేశాన్ని గుండెతో పోల్చడం కవికి చెల్లుతుంది. ఉర్దూ, పారశీక భాషల మహాకవి ఇక్బాల్ ఆఫ్ఘనిస్తాన్‌ను ఆసియాకు గుండెగా భావించాడు. 2011లో ఇస్తాంబుల్‌లో సమావేశమైన ఆ ప్రాంతపు దేశాలు, యుద్ధాలతో చితికిన ఆ దేశాన్ని నిలబెట్టే తమ ప్రయత్నానికి 'ఆసియా గుండె' అనే పేరే పెట్టుకున్నాయి. కవి మాట దౌత్యంలోకి వెళ్లినందుకు సంతోషించవలసిందే. కానీ నేను కామర్సు చదివి, బ్యాంకులో దస్తావేజులు చూస్తూ తల నెరిసినవాణ్ణి. అందమైన మాట కనపడితే, దాని కింద ఎవరు ఎంతకు పూచీ పడ్డారని వెతకడం నా అలవాటు. ఈ పత్రాలనూ అలాగే చదివాను.

మొదటిది 2002 డిసెంబరు 22 నాటి కాబూల్ ప్రకటన. చైనా, ఇరాన్, పాకిస్తాన్, తజికిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, ఉజ్బెకిస్తాన్ - పొరుగుదేశాలు ఆరూ ఆఫ్ఘనిస్తాన్‌తో కలిసి సంతకాలు చేశాయి. పరస్పర గౌరవం, సహకారం, ఒకరి వ్యవహారాల్లో ఒకరు జోక్యం చేసుకోకపోవడం - మాటల్లో వంక పెట్టడానికి లేదు. అయితే ఎవరు, ఏ పని, ఎప్పటిలోగా మానుకోవాలో అందులో లేదు. తప్పినవాడిని నిలదీయడానికి వీలివ్వని మాటను పూచీ అనలేము.

2016 డిసెంబరులో అమృతసర్‌లో 'ఆసియా గుండె' సమావేశం జరిగింది. పాకిస్తాన్ ప్రకటించిన 50 కోట్ల డాలర్ల సహాయాన్ని ఆ దేశమే తీవ్రవాదాన్ని అణచడానికి వాడుకోవచ్చునని ఆఫ్ఘన్ అధ్యక్షుడు అష్రఫ్ ఘనీ, పాకిస్తాన్ ప్రతినిధి ఎదుటే అన్నారు. తీర్మానాలలో లేని జీవం ఆ మాటలో ఉంది. ఎవరు, ఎంత, దేనికి అన్న మూడూ అందులో ఉన్నాయి. ఆ తర్వాత 2021 మార్చిలో దుషాంబేలోనూ సమావేశమయ్యారు. ఆగస్టు 15న తాలిబన్లు కాబూల్‌లో అడుగుపెట్టారు.

వీటి పక్కన 1973లో ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్ హెల్మంద్ నదిపై రాసుకున్న ఒప్పందాన్ని పెట్టి చూడండి. అలంకారం ఏమీ లేదు. నీళ్లు మామూలుగా ఉన్న ఏడాది ఇరాన్‌కు సెకనుకు సగటున 26 ఘనపు మీటర్లు. అందులో 22 వాటాగా, 4 సౌహార్దంగా. ఆ తర్వాత రెండుచోట్లా రాజ్యాలే మారిపోయాయి. 2023 మేలో సరిహద్దులో కాల్పులూ జరిగాయి. ఒప్పందం వాటిని ఆపలేదు, నిజమే. కానీ ఇరాన్ అడిగింది అందులోని వాటానే. తాలిబన్లు కూడా ఒప్పందం లేదనలేదు, కరువు వల్ల నీళ్లు లేవన్నారు. తగువుకు ఒక కొలత మిగిలింది. కావేరి, కృష్ణ జలాల తగాదాలు చూస్తున్న మన పాఠకులకు టి.ఎం.సి. లెక్క విలువ చెప్పనక్కరలేదు.

లెక్క ఉన్నంత మాత్రాన ఒప్పందం మంచిదైపోదు. పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్ 2010లో చేసుకున్న రవాణా ఒప్పందం ఆఫ్ఘన్ లారీలను వాగా దాకా రానిచ్చింది గాని, మన సరుకు ఎక్కించుకుని వెనక్కి పోనివ్వలేదు. పండ్లు దించిన లారీ ఖాళీగా తిరిగిపోవాలి. మన పోపులోకి ఇంగువ పంపే దేశానికి మనం పంపే సరుకు మాత్రం ఇరాన్‌లోని చాబహార్ రేవు చుట్టూ తిరగవలసి వచ్చింది. అయితే ఇక్కడ లోపం ఎక్కడుందో వేలు పెట్టి చూపవచ్చు. చూపగలిగిన లోపాన్ని దిద్దమని అడగవచ్చు.

ఒకరినొకరు నమ్మని దేశాలు ఒకచోట కూర్చోవాలంటే మెత్తని మాటలే శరణ్యమనే వాదం ఉంది. మొదటి సమావేశానికి ఒప్పుకుంటాను. కానీ పదేళ్లపాటు అవే మాటలు తిరగరాస్తే, అందరూ ఇష్టపడే రాయితీ అదేనని అనుమానించాలి. ఎవరికీ ఖర్చు లేదు. ఖర్చంతా కాబూల్, కాందహార్ జనానిది.

గుండె అన్న పోలికలో తప్పు లేదు. రక్తం వెళ్లడమూ తిరిగి రావడమూ రెండూ ఉంటేనే గుండె పనిచేస్తుంది. ఇకముందు రాసే పత్రంలో విశేషణాలు తగ్గి, సరుకుతో వెనక్కి వెళ్లే లారీల సంఖ్య ఒక్కటి కనిపిస్తే, ఇక్బాల్ మాటకు న్యాయం జరిగిందనుకుంటాను.